మనలో తోడు లేనివాళ్ళు లేరు

నీటిబస్సులో కిటికీ పక్క సీటు దగ్గర తగవు పడింది. నేను ముందెక్కానంటే నేను ముందెక్కానని ఒక పట్టుపంచె పెద్దమనిషీ, ఒక లెక్చరరమ్మా పట్టుబట్టారు. పూర్వపు రోజుల్లో అయితే ఈ తగవు రేవు దాటేలోగా ఇద్దరి వంశచరిత్రల దాకా వెళ్ళేది. ఇప్పుడా ముచ్చట లేదు. కండక్టరు నడుముకు వేలాడుతున్న చేతిగణని తీసి ఇద్దరి నోటి దగ్గరా పెట్టాడు. తలో రెండు వాక్యాలు చెప్పారు. వెనక సీటాయన ఇంకో వాక్యం కలిపాడు. గణని ఒక్క క్షణం ఆగి, "ఈ మాటలన్నీ నిజమయ్యే లోకాలు ముప్పై రెండు. వాటిలో ఇరవై ఎనిమిదింట్లో సీటు ఆవిడది" అంది. పెద్దమనిషి మారుమాట లేకుండా లేచి, సంచీ సర్దుకుని, ఇవతల కూర్చున్నాడు. కనీసం మూతి కూడా ముడుచుకోలేదు.

కల్హార ఆ పక్క సీట్లోనే ఉంది గానీ ఆమె మనసు అక్కడ లేదు. చేతిలోని పలక మీద అప్పుడే వచ్చిన కబురు చూస్తోంది. "గువ్వలలంక. వ్యక్తులు నలభై ఒక్కరు. వాక్యాలు అన్నీ అందినవి. లోకాలు సున్న."

ఆ సున్నను ఆమె మళ్ళీ మళ్ళీ చదివింది. ఆ వాక్యాలన్నీ రాసింది ఆమే.

లోకగణని వచ్చిన కొత్తలో జనం దాన్ని జోస్యం చెప్పే యంత్రం అనుకున్నారు. అది జోస్యం చెప్పదు. పాపం, దానికి లెక్కపెట్టడం తప్ప ఇంకేమీ రాదు. ముగ్గురు మనుషులున్నారనుకుందాం. వాళ్ళలో ఎవరికి ఎవరు తెలుసో మనకు తెలియదు. ఒక్కొక్కరి గురించీ అవుననో కాదనో వేసుకుంటూ పోతే ఎన్ని రకాల బొమ్మలు తయారవుతాయో అన్నీ వ్యాఖ్యానాలే. ఆ వ్యాఖ్యానాల్లో, మనం చెప్పిన మాటలన్నిటినీ ఒక్కసారిగా నిలబెట్టేవి మాత్రమే లోకాలు. మాటలు పెరిగేకొద్దీ లోకాలు తగ్గుతాయి. ఒకదానితో ఒకటి పొసగని మాటలు చెబితే ఒక్క లోకమూ మిగలదు. ఇంతే దాని విద్య. ఇంతమాత్రానికే కోర్టులు సగం మూతపడ్డాయి, పెళ్ళిసంబంధాల పేరయ్యలు వేరే పని వెతుక్కున్నారు, ఫ్రిజ్‌లో పూతరేకులు ఎవరు తిన్నారో ఇంట్లో పిల్లలు దాచలేకపోతున్నారు.

అయితే యంత్రానికి మనుషుల మాట నేరుగా ఎక్కదు. "ఊరందరికీ ఆయనంటే గౌరవం" అని ఒకరంటారు. ఊరందరిలో ఆయన కూడా ఉన్నాడా, లేడా? అది తేల్చి, మాటను విరిచి, ఎవరు ఎవరికి ఏమవుతారో పద్ధతిగా రాసిపెట్టేవాళ్ళే వాక్యకర్తలు. కల్హార వాక్యకర్త. పని నేర్చిన దగ్గర్నుంచి ఆమె రాసిన వాక్యాలకు సున్న రావడం ఇదే మొదలు.

గువ్వలలంకవాళ్ళది గోదావరి మధ్యన మునిగిపోయిన ఊరు. సముద్రం పైకి తన్నుకొచ్చాక లంకలన్నీ ఒకటొకటిగా నీళ్ళపాలయ్యాయి. ప్రభుత్వం కొత్తగట్టు కట్టి, మునిగిన ఊళ్ళకు ఊరుగానే చోటు ఇస్తానంది. కానీ ఊరంటే ఏమిటి? ఇళ్ళు పోయాయి, పొలాలు పోయాయి. మిగిలింది మనుషులు. అందుకని చట్టంలో ఒక మాట రాశారు. ఆ మనుషులు తమ గురించి తాము చెప్పిన మాటలన్నీ నిజమయ్యే లోకం ఒక్కటైనా ఉండాలి. ఆ లోకాల్లో ఏ ఒక్కరిని విడదీసినా ఇంకొకరి ఆసరా తెగిపోవాలి. అప్పుడే అది ఊరు. లోకాలు సున్న అయితే వాళ్ళ మాటలు చెల్లవు, వాళ్ళు ఊరు కారు. ఖాళీ ఉన్న చోటల్లా తలో పట్నానికీ తలో కుటుంబాన్నీ పంపేస్తారు.

విచారణ ఆ మధ్యాహ్నమే.

గణనమండపం మెట్ల మీద లంకవాళ్ళందరూ కూర్చుని ఉన్నారు. పులిహోర పొట్లాలు విప్పుకుని తింటున్నారు. ఊరు పోతుందేమోనన్న బెంగ ఏ ముఖంలోనూ కనిపించకపోవడం చూసి కల్హారకు ఒళ్ళు మండింది. ఊరిపెద్ద అబ్బులు ఆమెను చూసి, పొట్లం పక్కనపెట్టి లేచాడు. నల్లగా, పొట్టిగా, నది మీద బతికినవాడి భుజాలతో ఉంటాడు.

"రండి మేడంగారూ. భోంచేశారాండీ?"

"అబ్బులుగారూ, మీ లెక్క సున్న వచ్చింది."

"అలాగాండీ" అన్నాడాయన. "అంటే తక్కువాండీ?"

కల్హార ఆయన పక్కనే మెట్టు మీద కూలబడింది. మండపంలోకి ఏ పరికరమూ తేకూడదు కాబట్టి పలకా, చెవికి పెట్టుకునే లేఖినీ గేటు దగ్గరే అప్పగించి వచ్చింది. నోటితోనే చెప్పాలి.

"మీరు చెప్పిన మాటలు గుర్తున్నాయా? మనలో ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉంటుంది. ఒకరికి ఒక్కరే తోడు. నేను నీకు తోడైతే నువ్వు నాకు తోడు. ఎవరికి వాళ్ళు తోడు కారు. ఒకే ఇంటివాళ్ళు తోడు కారు."

"ఆయ్. నీళ్ళొచ్చినప్పుడు ముందు తోడు గుమ్మంలోకి వెళ్ళాలండి. ఇంటివాళ్ళని ఇంటివాళ్ళు ఎలాగూ చూసుకుంటారు గదండి. తోడు వేరే ఇంట్లో ఉంటేనే కదా ఊరంతా లేచేది. పురిటిపిల్లకి కూడా పేరుకన్నా ముందు తోడు కుదురుస్తామండి."

"అక్కడే వచ్చింది చిక్కు. నలుగురుంటే జతలు కట్టడం మూడు రకాలుగా కుదురుతుంది. ఆరుగురుంటే పదిహేను రకాలు. ఎనిమిది మందికి నూట అయిదు. సరిసంఖ్య ఎంతైనా ఫరవాలేదు. మీరు నలభై ఒక్కరు. ఎలా తిప్పి కట్టినా ఒకరు మిగిలిపోతారు. మీ వాక్యాలన్నీ నిజమయ్యే లోకం పుట్టదు."

అబ్బులు వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకుని తల అడ్డంగా ఊపాడు. "ఎవరూ మిగల్లేదండి."

"పేరంటాలుగారు మిగిలారు. ఆవిడ తోడు మంగాయమ్మగారు కిందటి చలికాలంలో పోయారు కదా. మీరే చెప్పారు."

"మంగాయమ్మ పోయిందండి. పేరంటాలమ్మ మిగల్లేదండి."

కల్హార గొంతు తగ్గించింది. దారి ఒకటి ఉందని చెప్పింది. 'మనలో ప్రతి ఒక్కరికీ' అన్నచోట 'పేరంటాలుకు తప్ప' అని ఒక్క మాట కలిపితే చాలు, సున్న పోతుంది. మిగతావాళ్ళ జతలన్నీ పేర్లతో సహా చెప్పారు కాబట్టి లెక్క ఇట్టే నిలబడుతుంది. నలభై మందికీ కొత్తగట్టు మీద ఊరు వస్తుంది.

"మరి పేరంటాలమ్మకండీ?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం కల్హారకు ఇష్టం లేకపోయింది. ఎవరి ఆసరా ఎవరితోనూ ముడిపడని మనిషిని చట్టం విడిమనిషి అంటుంది. విడిమనుషులకు పట్నంలో వృద్ధనిలయాలున్నాయి. శుభ్రంగా ఉంటాయి, వేళకు మందులిస్తారు. అదంతా చెప్పింది.

అబ్బులు కోపం తెచ్చుకోలేదు. "ఆ మాట మేమనలేమండి" అన్నాడు మెల్లిగా. "అబద్ధం గదండీ."

అబద్ధం కాదు, అదే నిజం అని చెప్పబోయింది కల్హార. ఇంతలో పైమెట్టు మీద కూర్చున్న పేరంటాలు, తన పేరు చెవినబడి, ఒక్కో మెట్టే దిగి వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. ఎండకు మాగిన ముఖం, ముక్కుకు రెండువైపులా పుడకలు, భుజం మీద నిండుగా కప్పుకున్న పైట. చేతిలో ఆకుపొట్లం ఉంది. దాన్ని కల్హార ఒళ్ళో పెట్టి, "తిను. ఆకలికి ముఖం పీక్కుపోయింది" అంది.

"మామ్మగారూ, నేను మీ గురించే మాట్లాడుతున్నాను. నిజం చెప్పండి. మంగాయమ్మగారు పోయాక మీకు తోడెవరు?"

పేరంటాలు ఆమె ముఖంలోకి వింతగా చూసింది. చెవుడేమైనా ఉందా ఈ పిల్లకి అన్నట్టుంది ఆ చూపు.

"మొన్న అడిగావు, చెప్పాను గదా. మళ్ళీ అడుగుతావేంటమ్మా? ఇంకెవరు, మనమే."

కల్హార ఆ మాట ఇంతకుముందు చూసింది. విన్నది కాదు, చూసింది. లంకవాళ్ళ గుడారాల మధ్య ఆ రోజు ఆమె చెవిలో లేఖిని ఉంది. ఎవరేమన్నా అది అక్షరాలు చేసి పలక మీద పరిచేది. ఆమె కళ్ళు పలక మీదే ఉన్నాయి. పేరంటాలు పేరు ఎదురుగా "మేమే" అని పడింది. మేమే అంటే ఊరివాళ్ళందరం అని ముసలమ్మ చెబుతోంది కాబోలు, అది జవాబు కాదులే అని పక్కకు నెట్టి, తరవాతి మనిషి దగ్గరికి వెళ్ళిపోయింది.

లేఖిని తప్పు చెప్పలేదు. దానికి పెట్టిన నిబంధనే అలాంటిది. సాక్షి నోట 'మనం' వస్తే 'మేము' అని రాసుకోవాలి. ఎందుకంటే తెలుగువాళ్ళకు ఈ విషయంలో ఒక పట్టాన లెక్క కుదరదు. రైల్లో ఎదురు సీటాయన "మనది ఏ ఊరండీ?" అంటాడు. అడిగేది మన ఊరు, ఆయనది కాదు. కొట్లో కుర్రాడు "మన సైజు ఎంతండీ?" అంటాడు. కొలిచేది మన నడుమే. ఈ మర్యాదంతా యంత్రానికి ఉన్నదున్నట్టు ఎక్కిస్తే, వినేవాళ్ళందరూ చెప్పేవాళ్ళ చుట్టాలైపోతారు. అందుకని వినే మనిషిని బయట నిలబెట్టి, 'మనం' కాస్తా 'మేము' చేసేశారు. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు, ఇప్పటిదాకా.

"మనమే అంటే..." కల్హార ఒళ్ళోని పొట్లం పక్కన పెట్టింది. "ఎవరెవరం మామ్మగారూ?"

"నువ్వూ నేనూ."

అబ్బులు దగ్గి గొంతు సవరించుకున్నాడు. "మా దగ్గర ఆ మాట ఊరికే అడగమండి. తోడు పోయిన మనిషిని 'నీకు తోడెవరు' అని ఎవరూ అడగరండి, తాను ఉంటానని చెప్పడానికొస్తే తప్ప. అడగడమే ఒప్పుకోవడమండి. మీరు వచ్చారు, ఆవిడ ముందు కూర్చున్నారు, అడిగారు. ఆవిడ మనమే అంది. మేమందరం అక్కడే ఉన్నామండి."

"నేను అందరినీ అడిగాను."

"తోడున్నవాళ్ళని అడిగితే ఏముందండి, పేరు చెప్తారు."

"నేను బయటిమనిషిని అబ్బులుగారూ. ఉద్యోగం మీద వచ్చాను."

"మా తాత తోడు గాజులమ్ముకునే ఆయనండి. ఆయనా వ్యాపారం మీదే వచ్చాడు. అడిగాడు, ఉండిపోయాడు. ఊళ్ళో లెక్క బేసి పడినప్పుడు అలా ఎవరో ఒకరు వచ్చి అడుగుతారండి. గవర్నమెంటువాళ్ళు అడగడం మాత్రం మాకూ కొత్తే. కొంచెం ఆశ్చర్యపోయామండి" అన్నాడు అబ్బులు. "కానీ అడిగేశారు గదండి మరి."

కల్హారకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఇన్నాళ్ళూ ఎన్ని ఊళ్ళ గుండా నడిచిందో, ఎందరి నోటి మాటలు విరిచి రాసిందో. ఏ లెక్కలోనూ తాను లేదు. ఉండకూడదన్నది ఆమె ఉద్యోగం. ఈ ముసలామె మాత్రం ఒక్క మాటతో ఆమెను పట్టుకుపోయి లోపల కూర్చోబెట్టింది, ఆ సంగతి ఆమెకు తెలియనైనా తెలియలేదు.

లోపల గంట మోగింది.

ప్రధానగణకులు జగదానందం గారు వయసు మళ్ళిన మనిషి. మాట తక్కువ, వినడం ఎక్కువ. ఆయన వెనక గోడంతా లోకగణని. దాని ముందు నలభై ఒక్కమందీ వరసలుగా కూర్చున్నారు. ఆయన తెర మీది సున్న చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"వాక్యాలు మార్చుకోవడానికి అవకాశం ఇచ్చాం. మార్చలేదు. ఇంకేమైనా చెప్పుకునేది ఉందా?"

కల్హార లేచి నిలబడింది. "ఉందండి. ఒక వాక్యం నేను తప్పు రాశాను."

జరిగింది చెప్పింది. మెట్ల మీద విన్నది విన్నట్టే చెప్పింది. హాల్లో వెనక బెంచీల వైపు ఎవరో కిసుక్కున నవ్వారు. జగదానందం గారు నవ్వలేదు.

"ఆ నిబంధన రాసినవాళ్ళలో నేనొకణ్ణి" అన్నారాయన. "మన భాషలో మనం అన్నది సగం అర్థం, సగం మర్యాద. కండక్టరు 'మన టికెట్ ఏదండీ' అన్నంత మాత్రాన టికెట్టు ఆయనది అయిపోదు కదమ్మా."

"అయిపోదండి. ప్రతి మనమూ నిజం మనం కాదు. కానీ ప్రతి మనమూ మేము కూడా కాదు. ఈ ఊరివాళ్ళ మాటల్ని రెండు వ్యాఖ్యానాలుగానూ లెక్కించమనండి. మనం అంటే మేము అనుకుంటే ఒక లెక్క. మనం అంటే మనమే అనుకుంటే, అంటే వాళ్ళతోపాటు విన్న మనిషి కూడా వ్యక్తుల్లో ఉంటే, ఇంకో లెక్క. మాటకు రెండు అర్థాలు తగిలినప్పుడు, సాక్షి అబద్ధాలకోరు కాని అర్థాన్నే తీసుకోవాలని చట్టం చెబుతోంది."

"చెబుతోంది" అని ఒప్పుకున్నారు జగదానందం గారు. "కానీ వాక్యకర్త వ్యక్తుల్లో ఉండకూడదని ఎక్కడైనా ఉందా?"

పక్కనున్న గణకురాలు చట్టం తిరగేసి, లేదంది. అలాంటిది జరుగుతుందని ఎవరికీ తోచలేదు కాబట్టి రాయలేదు.

"అయితే లెక్కించండి."

గణనికి పెద్ద సమయం పట్టలేదు. మొదటి వ్యాఖ్యానం, వ్యక్తులు నలభై ఒక్కరు, లోకాలు సున్న. రెండో వ్యాఖ్యానం, వ్యక్తులు నలభై ఇద్దరు. తెర ఒక్కసారి ఆరి వెలిగింది.

లోకాలు ఒకటి.

మనుషుల మాటల నుంచి ఒకటి అనే లెక్క రావడం ఆ మండపంలో ఎవరూ చూడలేదు. మనుషులు ఎంత చెప్పినా ఎక్కడో ఒకచోట వదులు ఉంటుంది, ఆ వదుల్లో లక్షల లోకాలు దూరుతాయి. ఇక్కడ వదులు లేదు. నలభై మంది తమ తోడెవరో పేరు పెట్టి చెప్పారు. మిగిలింది ఇద్దరు. ఇద్దరిని జత కట్టడానికి ఉన్నది ఒకే పద్ధతి. గువ్వలలంకవాళ్ళు పొల్లుపోకుండా నిజం చెప్పారు. వాళ్ళది ఊరేనని యంత్రం ఇంతకన్నా గట్టిగా చెప్పలేదు.

అబ్బులు కల్హార వైపు వంగి, "ఒకటంటే తక్కువాండీ?" అని అడిగాడు.

"ఒకటంటే చాలా ఎక్కువండీ" అంది కల్హార.

"ఆగండి" అన్నారు జగదానందం గారు. ఆయన తెర మీద వాక్యాలు ఒక్కొక్కటే చదువుతున్నారు. "మనం అన్నది ఒక్క చోటే మారదు, అన్ని చోట్లా మారుతుంది. ఇది చూడమ్మా. 'మనం ఎక్కడికెళ్ళినా కలిసే వెళ్తాం, కలిసే ఉంటాం.' ఇందులోనూ మనం ఉంది. ఆ ఒక్క లోకంలో నువ్వు ఈ పట్నంలో ఉండవు. కొత్తగట్టు మీద వీళ్ళతో ఉంటావు. నీ వాక్యకర్త పదవి ఆ లోకంలో లేదు. గణని లోకాలు లెక్కపెడుతుంది గానీ, మనం నిలబడి ఉన్నది ఏ లోకంలోనో దానికి తెలియదు. అది సాక్షి చెప్పాలి. ఇప్పుడు నువ్వు సాక్షివి. కాదంటే లెక్క మళ్ళీ సున్నే. అవునంటే..." అని ఆగిపోయారు. "ఊరిని నిలబెట్టడం కోసం అవునని మాత్రం అనకు. అది అబద్ధమైతే మొదటి సున్న కంటే చెడ్డది."

కల్హారకు రాబోయే ఏడాది పదోన్నతి ఉంది. పద్దెనిమిదో అంతస్తులో, ఎవరూ పలకరించకపోయినా ఎవరి జోలీ లేని గది ఉంది. వానలో గట్టు మీద బతకడం ఎలాగో ఆమెకు ఓనమాలు తెలియదు. తెలియకుండా అడిగిన ప్రశ్నకు ఒక జీవితం బదులివ్వాలా అని మనసు ఎదురుతిరిగింది. న్యాయమైన కోపమే అది.

రెండో వరసలోంచి పేరంటాలు లేచింది. మండపంలో అనుమతి లేకుండా మాట్లాడకూడదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"బలవంతం ఏం లేదమ్మా. పొరపాటున అడిగితే పొరపాటని చెప్పెయ్యి. నేనేం అనుకోను. ఇందాక మెట్ల మీద నువ్వు చెప్పిన ఆ నిలయానికే వెళ్తాను. వీళ్ళు కూడా ఏం అనుకోరు." వెనక్కి తిరిగి, "ఏరా అబ్బులూ, ఏమైనా అనుకుంటావా?" అంది.

"అనుకోనండి" అన్నాడు అబ్బులు నేల చూపులు చూస్తూ.

కల్హార ఆమెను చూసింది. వృద్ధనిలయానికి వెళ్తానని చెబుతున్న మనిషి గొంతులో జాలి పుట్టించే ప్రయత్నం ఏ కోశానా లేదు. ఉన్న బెంగంతా ఈ పిల్ల ఇరుక్కుపోయిందే అని. మొదటిరోజు ప్రశ్న అడిగినప్పుడు కూడా ఈమె ఇలాగే చూసి ఉంటుంది, తాను పలక వైపు చూస్తుండగా. తనను ఒకరు అలా చూసి ఎన్నేళ్ళయిందో కల్హార లెక్క వేయబోయి, లెక్క అందక, ఊరుకుంది. అప్పుడు ఆమెకు నిజంగానే ఏడుపొచ్చింది. ఆ ఏడుపులో భయం లేదని గమనించి తానే ఆశ్చర్యపోయింది.

"తెలియక అడిగిన మాట నిజమేనండి" అంది జగదానందం గారితో. "ఇందాక మెట్ల మీద రెండోసారి అడిగాను. అప్పుడూ తెలియదు. ఇప్పుడు తెలిసింది. తెలిసి అడుగుతాను."

వెనక్కి తిరిగింది.

"మామ్మగారూ, మీకు తోడెవరు?"

పేరంటాలు పైటచెంగుతో ముక్కు తుడుచుకుని, "ఎన్నిసార్లు చెప్పాలే నీకు" అంది. "మనమే."

"రాసుకోండి" అన్నారు జగదానందం గారు. "మనం అనే రాయండి."

నలభై ఒక్కమందీ లేచి నిలబడ్డారు. చప్పట్లు కొట్టాలని వాళ్ళకు తెలియదు. అబ్బులు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పడవ రేవుకొచ్చినప్పుడు వేసే కేక వేశాడు. ఒకరి వెనక ఒకరు అందరూ అందుకున్నారు. గణనమండపం అద్దాలు గలగలలాడాయి. బయట నీటిబస్సుల డ్రైవర్లు ఏ పడవో దారి తప్పి ఊళ్ళోకి వచ్చేసిందనుకుని హారన్లు కొట్టారు. కల్హార కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రయత్నించింది. కేక సరిగా రాలేదు. ఎవరూ పట్టించుకోలేదు.

ఆ తరవాత శాఖలో చాలా గందరగోళం జరిగింది. సున్న తేలి మూలపడ్డ ఊళ్ళ లెక్కలన్నీ మళ్ళీ తీయాల్సి వచ్చింది. కొన్నిటిలో సున్న సున్నగానే ఉంది. కొన్నిటిలో వాక్యకర్తలు ఒక్కొక్కరే బయటపడ్డారు. ఒకాయన తన ప్రమేయం లేకుండా ఒక కొండపల్లెకు మేనమామ అయి ఉన్నాడు. ఇంకొకావిడ మత్స్యకారుల వాడలో ఇద్దరు పిల్లలకు పేరు పెట్టే బాధ్యత మీద వేసుకుని ఉంది. వాళ్ళలో కొందరు చచ్చినా ఒప్పుకోమన్నారు, కొందరు మర్నాడే సామాను సర్దుకున్నారు. ఇకమీదట వాక్యకర్తలెవరూ సాక్షులను నేరుగా ప్రశ్నలు అడగరాదని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అడగకుండా ఎలా రాయాలో ఉత్తర్వులో లేదు. లోకాలను బయట నిలబడి లెక్కపెట్టవచ్చని నమ్మిన యంత్రానికి, లెక్కపెట్టే మనిషి ఎక్కడ నిలబడాలన్న చిక్కు ఇంకా తేలలేదు.

కొత్తగట్టు మీద గువ్వలలంకకు నలభై రెండు పేర్లతో పట్టా వచ్చింది. కల్హార ఇల్లు ఊరికి ఆ చివర, పేరంటాలు ఇల్లు ఈ చివర. తోడు ఇళ్ళు ఎడంగా ఉంటేనే మంచిదని అబ్బులు పట్టుబట్టి అలా వేయించాడు.

తొలకరి దాటాక ఒక వేకువన వాన పట్టుకుంది. కాలవ పొంగి గట్టు అంచుదాకా వచ్చిందని ఎవరో కేక వేశారు. కల్హార ఉలిక్కిపడి లేచి, చెప్పులైనా వేసుకోకుండా బురదలో పరుగెత్తింది. ముసలామె ఒక్కతీ ఉంది, మోకాళ్ళ నొప్పులు, మంచం దిగిందో లేదో, ఎలా మోసుకురావాలో, అదొక్కటే ఆమె బుర్రలో ఉంది. ఊరంతా అడ్డదిడ్డంగా పరుగెడుతోంది. ఎవరి గుమ్మంలోకి ఎవరు వెళ్తున్నారో చూడటానికి తికమకగా ఉంది గానీ, ప్రతివాళ్ళకూ ఎక్కడికి వెళ్ళాలో తెలుసు.

ఊరికి సరిగ్గా సగంలో, రచ్చబండ దగ్గర, ఎదురుగా వానలోంచి పేరంటాలు వస్తోంది. చీర మోకాళ్ళదాకా ఎగదోపుకుని, ఒక చేత్తో కర్ర, భుజాన తాడుచుట్ట. ఆమె కల్హార ఇంటి వైపే వస్తోంది.

కల్హార నిలబడిపోయింది. నేను నీకు తోడైతే నువ్వు నాకు తోడు. ఆ వాక్యం ఆమే రాసింది, అటుదీ ఇటుదీ రెండు బాణపు గుర్తులు గీసి మరీ రాసింది. తన వైపు వచ్చే బాణం గురించి మాత్రం ఇన్నాళ్ళూ ఆలోచించలేదు. తన కోసం ఒక మనిషి వానలో బయలుదేరి వస్తుందని ఆమెకు ఎన్నడూ తోచలేదు.

"ఇక్కడ నిలబడ్డావేంటి?" పేరంటాలు రొప్పుతూ వచ్చి, తాడు ఒక కొస ఆమె నడుముకు చుట్టి ముడివేసింది. "నీకు ఈతొచ్చా?"

"రాదు మామ్మగారూ."

"అనుకున్నాను. అందుకే తొందరగా వచ్చాను" అంది పేరంటాలు. రెండో కొస తన నడుముకు కట్టుకుని, "నడు, అబ్బులు పడవ విప్పుతున్నాడు" అని ముందుకు దారితీసింది.